షోలాపురపు నేతవాడలలో వెండి రూపాయలు: అచ్చు గుర్తులు చెప్పు చరిత్ర

షోలాపురపు తూర్పు భాగమందలి నేతవాడలలో తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబములకు తమ పూర్వుల రాకను గూర్చిన వ్రాతపత్రములు మిక్కిలి తక్కువ. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరు సీమల గ్రామములనుండి పడుగును పేకను నమ్ముకొని బయలుదేరిన సాలెవారు దినచర్యలు వ్రాసికొనలేదు. సావుకారుల ఖాతా పుస్తకములలో పెక్కు చెదలపాలయినవి. మిగిలినది పెద్దల నోటిమాట. అదియును ఏటేట పలుచబడుచున్నది. అయినను అనేక గృహములలో ఒక చిన్న మూట నిలిచియున్నది. దీపావళినాడు లక్ష్మీపూజకు వెలికి తీయబడి, పసుపుకుంకుమల నందుకొని, మరల పెట్టె అడుగునకు చేరు వెండి రూపాయల మూట అది. ఆడుబిడ్డకు ఒడిబియ్యము పోయునప్పుడు అందులోనుండి ఒక్క రూపాయి బయటికి వచ్చుట కొన్ని యిండ్ల ఆచారము.

వెండి ధర పెరిగినప్పుడెల్ల ఈ మూటలలో కొన్ని సరాఫుగారి త్రాసు నెక్కుచున్నవి. అచ్చట రూపాయికి తేదీ లేదు, టంకశాల లేదు, రాణి లేదు, నైజాము లేదు. తూనిక యొక్కటియే లెక్క. కరిగిన పిదప ముద్దలో ఏ అక్షరమును మిగులదు. మరియొకప్రక్క, రూపాయిపై నొక గీత జంటగా కనబడినంత మాత్రమున అది లక్షలు పలుకునని చెప్పి అమాయకులను మోసగించువారును కలరు. ఈ రెండు నష్టములకును మూలమొక్కటియే: నాణెమును చదువుట మనకు అలవాటు కాకపోవుట. నేతపని యెరిగిన కుటుంబములకు ఈ చదువు కష్టమైనది కాదని మేము తలచుచున్నాము. ఆ విధమెట్టిదో, దానివలన మన చరిత్రకు కలుగు లాభమేమో ఈ వ్యాసమున వివరింప బూనితిమి.

రెండు నాణెముల నడుమ నొక పట్టణము

1818 మే నెలలో మన్రో సేనాని షోలాపురపు కోటను పట్టుకొనిన పిదప ఈ పట్టణము ఆంగ్లేయుల యేలుబడిలోనికి వచ్చి, బొంబాయి రాజధానిలో భాగమయ్యెను. కాని తూర్పునకు ఒకటి రెండు దినములు నడచినచో నల్‌దుర్గము, ఈశాన్యమునకు నడచినచో తుల్జాపురము. ఆ నేల నైజాము రాజ్యము. 1860లో రైలుమార్గము షోలాపురమును చేరెను. 1876-78 సంవత్సరముల మహాక్షామము దక్కనునంతటిని పీడించెను. 1877లో ఇచ్చటి మొదటి బట్టలమిల్లు పనికి దిగెను. 'జూనీ గిర్ణీ' యను పేరుతో దానిని పట్టణమంతయు ఎరుగును. ఊరిలో కరవు తరుముచుండగా, ఇచ్చట నూలును సంతయు పిలుచుచుండగా, ఒకరి వెనుక నొకరుగా మన పూర్వులు వచ్చిచేరిరి. సాఖర్ పేఠ, దాజీ పేఠ, భద్రావతి పేఠ, జోడ్‌భావి పేఠ వంటి వాడలలో తెలుగు మగ్గముల చప్పుడు స్థిరపడెను.

ఇట్లు వచ్చినవారు గడపను మాత్రమే దాటలేదు, నాణెమును గూడ దాటిరి. వెనుక విడిచివచ్చిన ఊరిలో చెల్లునది హాలీ సిక్కా. ఇచ్చట కూలియు క్రయమును జరుగునది ఆంగ్లేయుల రూపాయితో. ఆ రూపాయికి మనవారు 'కల్దారు' అని పేరు పెట్టిరి. 'కల్' అనగా హిందూస్తానీలో యంత్రము. కల్దారు యంత్రమున కొట్టబడినది. హాలీ అనగా ప్రస్తుతము చలామణిలో నున్నది. రెంటికిని నడుమ మారకపు ధర ఒక్కొక్క కాలమున ఒక్కొక్క విధముగ నుండి, తుదకు ఆరు కల్దారులకు ఏడు హాలీలుగా స్థిరపడెను. నూరు కల్దారులకు నూట పదునారు హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైసలు. తెలంగాణపు పెద్దలనేకులకు ఈ లెక్క కంఠపాఠముగ నుండెడిది. ఇచ్చట అరువది రూపాయలు కూడబెట్టి ఊరికి పోయినవాడు అచ్చట డెబ్బది రూపాయల ధనవంతుడు.

ఈ లెక్క వట్టి సర్కారు ఉత్తరువు కాదు. వెండియే అట్లు పలికినది. 1835వ సంవత్సరపు పదునేడవ చట్టముచే కల్దారు తూనిక 180 గ్రెయినులుగా, అనగా 11.66 గ్రాములుగా నిర్ణయింపబడెను. అందు పండ్రెండింట పదునొకండు పాళ్ళు మేలిమి వెండి, అది 10.69 గ్రాములు. హైదరాబాదు చార్మినారు రూపాయి తూనిక సుమారు 11.18 గ్రాములు, అందు నూటికి 81.8 పాళ్ళు వెండి, అది 9.15 గ్రాములు. ఆరు కల్దారులలో 64 గ్రాముల వెండి యున్నచో, ఏడు హాలీలలోను 64 గ్రాములే యున్నది. చదువురాని నేతకాడు సరాఫు బల్ల ముందు నిలిచి వట్టము తెగగొట్టించుకొనునప్పుడు ఈ సత్యము వాని చేతివ్రేళ్ళకు తెలియును. 180 గ్రెయినుల కల్దారు సరిగా ఒక తులము. అట్టివి 80 తూగినచో ఒక సేరు. తూనికరాయి లేనిచోట నూలును జరీయును రూపాయలతోడనే తూచుట కలదు.

హైదరాబాదు రాజ్యములోనైనను నాణెము ఒక్కటి కాదు. నారాయణపేట, గద్వాల, వనపర్తి వంటి సంస్థానములలోను రూపాయలు కొట్టబడెను. చీరలకు పేరుపొందిన నారాయణపేటకు నాణెముల మీద దిల్షాదాబాదు అను పేరు కనబడును. మహబూబునగరు సీమనుండి వచ్చిన కుటుంబముల మూటలో అట్టి రూపాయి యొకటి దొరకినచో అది మామూలు హాలీ యని త్రోసివేయరాదు. అది ఊరిగుర్తు.

అచ్చు అను మాటకు రెండర్థములు

నాణెములను గుర్తించుటలో మొదటి సూత్రము మన భాషలోనే దాగియున్నది. నేతకాడు పడుగుపోగులను దూర్చు దువ్వెనవంటి పనిముట్టు అచ్చు. నాణెముపై బొమ్మను దించు ఉక్కుదిమ్మెయు అచ్చే. మగ్గముపై అచ్చులో ఒక పుల్ల వంగినదనుకొందము. ఆ అచ్చుతో నేసిన ప్రతి గజమునను, ప్రతి చీరయందును, అదే తావున సన్నని చార యొకటి నిలువున సాగును. నేసినవాడు దానిని చూచిన తోడనే, 'ఇది అచ్చు దోషము' అనును. పేక యొకటి తప్పినదనుకొందము. ఆ లోపము ఆ ఒక్క చోటనే యుండును. తరువాతి చీరలో కానరాదు. 'ఇది చేతి దోషము' అనును. చాదరు నేయు జకార్డు మగ్గమున అట్టలో ఒక రంధ్రము తప్పుగా పడినచో ఏమగునో షోలాపురమువారికి మేము చెప్ప పనిలేదు. ఆ అట్టతో దిగిన ప్రతి చాదరునను పూవురేకు అదే చోట వంకరపోవును.

నాణెముల విషయమునను ఇంతే. అచ్చులోనే యున్న భేదము ఆ అచ్చుతో కొట్టిన వేలకొలది నాణెములపై ఒకే తావున, ఒకే రూపమున కనబడును. దానిని అచ్చుభేదమందుము. కొట్టునప్పుడు కలిగిన పొరపాటు ఆ ఒక్క నాణెమునకే చెందును. మొదటిది టంకశాల చరిత్రను చెప్పును. రెండవది ఒక్క క్షణపు చేజారుటను చెప్పును. ఈ తారతమ్యము తెలిసినవాడు నాణెముల చదువులో సగము నేర్చినట్లే.

గీత రెట్టింపగుట యెట్లు?

తెలుగున టంకశాలకు కమ్మటమనియు పేరు. హాలీ రూపాయ బహుకాలము చేతి సుత్తితోనే కొట్టబడినది. క్రింది అచ్చుపై వెండిబిళ్ళ నుంచి, పై అచ్చును నిలిపి, సుత్తితో నొక్క దెబ్బ వేయుదురు. అచ్చు బిళ్ళకంటె పెద్దది. కావున ఏ బిళ్ళపైనను పూర్తి వ్రాత పడదు. ఒకదానిపై నైజాము పేరులో సగము, మరియొకదానిపై సంవత్సరములో రెండంకెలు మాత్రమే నిలుచును. దెబ్బకు బిళ్ళ ఎగిరి మరల పడి, రెండవ దెబ్బ తగిలినచో వ్రాత జంటగా కనబడును. అది చేతి దోషము. అట్టి రెట్టింపును చూచి నిధి దొరకినదని మురియుట తగదు.

కల్దారు పద్ధతి వేరు. బొంబాయి, కలకత్తా టంకశాలలలో ఆవిరియంత్రములు పనిచేయుచుండెను. యంత్రపు టంకశాలలో మొదట ఉబ్బెత్తు బొమ్మగల తల్లి అచ్చును సిద్ధపరచి, దానిని మెత్తబరచిన ఉక్కుదిమ్మెలలోనికి నొక్కి, లోతు బొమ్మగల పని అచ్చులను తీయుదురు. పాతకాలమున ఒక్క నొక్కుడుతో బొమ్మ పూర్తిగా దిగెడిది కాదు. దిమ్మెను మరల కాల్చి మెత్తబరచి రెండవసారి నొక్కవలసియుండెను. ఆ రెండవసారి తల్లి అచ్చు వెండ్రుకవాసి తిరిగి కూర్చున్నను, బొమ్మ రెండు తావులలో దిగును. ఇదియే నిజమైన రెట్టింపు అచ్చు. దాని గుర్తులు మూడు: రెండు గీతలును ఉబ్బెత్తుగా, గుండ్రముగా నుండును, అక్షరపు మూలలలో చీలికవంటి నొక్కు కనబడును, అదే అచ్చుతో కొట్టిన మరియొక నాణెముపైనను అదే తావున అదే రెట్టింపు కనబడును.

అంకెలను గాని, చిన్న అక్షరమును గాని చేతి ఉలితో అచ్చుపై వేరుగా కొట్టునప్పుడు మొదటి దెబ్బ వంకర పోయినచో, దానిపైననే సరిగా మరల కొట్టుదురు. అట్టి చోట అంకె క్రింద అంకె నీడవలె తోచును. ఇదియు అచ్చుభేదమే.

మోసమునకు తావిచ్చునవి వేరు రెండు కలవు. యంత్రమున అచ్చు వదులై, కొట్టిన మరుక్షణమున కదలినచో అక్షరపు అంచు ఒక మెట్టువలె చదునుగా నొరసికొనిపోవును. అట్టిచోట అక్షరమునకు క్రొత్తగా చేరినది లేదు. ఉన్న లావులోనుండియే కొంత తరిగియుండును. బజారులో 'రెట్టింపు' అని చూపు నాణెములలో పెక్కు ఈ జాతివే. రెండవది, అచ్చు అరిగిపోయినప్పుడు అంచు దగ్గరి అక్షరములు నీటిలో నానినట్లు ఉబ్బి, మసకగా జంటగీతలు తోచుట. పాతబడిన అచ్చుతో నేసిన బట్ట వదులైనట్లే ఇదియును. దీపమును ఒక ప్రక్కనుంచి, మంచి భూతద్దముతో నాణెమును నెమ్మదిగా త్రిప్పి చూచినచో ఉబ్బెత్తు గీతయు మెట్టుగీతయు వేరువేరుగా తెలియును.

మూటలోని రూపాయలను చదువుట

ఇక మన యిండ్లలో దొరకు రూపాయలను వరుసగా చూతము.

నాలుగవ విలియము బొమ్మగల రూపాయలపై 1835 అని యుండును. మెడ తెగినచోట కొన్నింటిపై 'ఎఫ్', కొన్నింటిపై 'ఆర్. ఎస్.' అను చిన్న అక్షరములు కలవు. కొన్నింటిపై ఏమియు లేదు. అవి కలకత్తా టంకశాలాధికారులైన ఫోర్బ్స్, సాండర్స్ అనువారి గుర్తులు. అటుపిమ్మట విక్టోరియా రాణి రూపాయి 1840 తేదీతో వెలువడెను. మొదటి రకమున రాణి తలచుట్టును వ్రాత ఎడతెగక సాగును. రెండవ రకమున అది తలకు రెండు ప్రక్కల విడిపోవును. మెడ క్రింద చెక్కినవాడగు విలియం వయన్ పేరు తెలుపు 'డబ్ల్యు. డబ్ల్యు.' అను అక్షరములు కొన్నింట ఉబ్బెత్తుగను, కొన్నింట లోతుగను ఉండును. వెనుకవైపు ఆకుదండలోని చిన్న పండ్లను లెక్కించినచో ఒక అచ్చున 28, మరియొక అచ్చున 34 లేక 35 ఉండును. ఆంగ్లేయ నాణెములపై గొప్ప గ్రంథము వ్రాసిన ఫ్రెడ్ ప్రిడ్మోర్ వంటివారు ఇట్టి భేదములను వర్గీకరించిరి. అంచున పూలు లెక్కించి చీర యే మగ్గముదో చెప్పగల ఆడవారికి ఈ పని ఆటవంటిది.

ఇచ్చట ఒక ముఖ్య విషయమును గమనింపవలెను. 1835 తేదీ 1840 వరకును, 1840 తేదీ 1862 వరకును మార్పులేక అచ్చులపై నిలిచిపోయెను. అటులనే 1862 తేదీతో కొట్టిన రూపాయలు 1874 వరకు వెలువడుచునే యుండెను. కావున మూటలో 1840 రూపాయి యున్నది గనుక మా వంశము 1840లో షోలాపురము చేరినదని చెప్పుట నిలువదు. ఆ రూపాయి 1861లో పుట్టియుండవచ్చును. వేయి చేతులు మారి 1900లో మన చేతికి వచ్చియుండవచ్చును.

1862 రూపాయలలో బొంబాయివి మిక్కిలి ఆసక్తికరములు. వెనుకవైపు తేదీ క్రిందను, 'వన్' అను మాటపైనను సూదిమొనవంటి చుక్కలు కొన్నింటిపై కనబడును. వాని సంఖ్య అచ్చునుబట్టి మారును. తేదీ మారని ఆ పండ్రెండేండ్లలో ఏ రూపాయి ఏ సంవత్సరమున కొట్టబడినదో తెలియుటకై టంకశాలవారు పెట్టుకొనిన రహస్యపు లెక్క ఈ చుక్కలని పరిశోధకులు భావించుచున్నారు. క్షామమునకు ముందటి దశాబ్దపు రూపాయలివి. చుక్కలను లెక్కింపక అమ్మివేయుట వ్రాసియున్న తేదీని చెరిపివేయుటయే.

1877 మొదలు 'రాణి' అను బిరుదు పోయి 'చక్రవర్తిని' అను బిరుదు చేరెను. అప్పటినుండి ఆయా సంవత్సరముల తేదీలును, వెనుకవైపు బొంబాయికి 'బి', కలకత్తాకు 'సి' అను చిన్న గుర్తులును చూడదగినవి. 'బి' కొన్నింట ఉబ్బెత్తు, కొన్నింట లోతు. రాణి వస్త్రముపై ముందరి పట్టీలోని అలంకారముల లెక్కలోను రెండు మూడు రకములు కలవు. 1903 మొదలు 1910 వరకు ఎడ్వర్డు రూపాయలు; వానిలో బొంబాయివి 'బి' గలవి, కలకత్తావి గుర్తు లేనివి. అయిదవ జార్జి రూపాయలలో బొంబాయి గుర్తు 'బి' గాక, తేదీ క్రింది తామరపూవు వద్ద నొక చిన్న చుక్కగా మారెను.

1911 రూపాయి కథ వేరుగా చెప్పదగినది. రాజు కంఠహారమున వ్రేలాడు ఏనుగునకు తొండము పొట్టిదై, కాళ్ళు కురుచయై, అది పందివలె కనబడెను. జనులు ఆక్షేపించిరి. సుమారు 94 లక్షలు కొట్టబడగా, బయటికి వచ్చినవి సుమారు 7 లక్షలే, తక్కినవి కరిగింపబడెను. 1912లో ఏనుగును సరిదిద్ది క్రొత్త అచ్చు తీసిరి. అచ్చులోని అంగుళమున ఇరువదియవ వంతు పొరపాటు ఒక సామ్రాజ్యమును తలవంచజేసిన సందర్భమది.

హాలీ రూపాయలకు తేదీకంటె అక్షరము ప్రధానము. 1857 వరకు వానిపై మొగలు పాదుషా పేరుండెను. అటుపిమ్మట అసఫ్‌జా పేరు వచ్చెను. వానితోపాటు పాలించు నైజాము పేరులోని మొదటి అక్షరమును చేర్చు ఆచారము కలదు. 'నూన్' నాసిరుద్దౌలాది (1829-57), 'అలిఫ్' అఫ్జలుద్దౌలాది (1857-69), 'మీమ్' మీర్ మహబూబ్ అలీఖానుది (1869-1911). హిజ్రీ 1321లో, అనగా 1903-04లో, చార్మినారు బొమ్మగల యంత్రపు రూపాయి వెలువడెను. ఆ చార్మినారు నడిమి ద్వారములో చూడుడు: మహబూబ్ కాలమున 'మీమ్', ఉస్మాన్ కాలమున 'ఐన్' కనబడును. ఉస్మాన్ అలీఖాను తొలి యేండ్ల, హిజ్రీ 1329, 1330ల రూపాయలలో ఈ 'ఐన్' కొన్నింట పొట్టిగా సగమే యుండును. తరువాత పూర్తి రూపమున వచ్చెను. అంత చిన్న ద్వారములో అంత పెద్ద భేదము దాగియుండుట చూచి మేము అనేక పర్యాయములు ఆశ్చర్యపడితిమి. అరబ్బీ అంకెలు రానివారును ఈ ఒక్క అక్షరమును పోల్చుకొని నాణెపు కాలమును నిర్ణయింపవచ్చును.

డాలరు కరిగి రూపాయి యైన వృత్తాంతము

అచ్చుభేదముల శాస్త్రమును నేటి కాలమున విశేషముగ పెంచినవారు అమెరికావారు. వారి పాత వెండి డాలరుకు, చెక్కినవాని పేరునుబట్టి, మోర్గాను డాలరని వ్యవహారము. అది 1878 నుండి 1904 వరకును, మరల 1921లోను కొట్టబడెను. మొదటి సంవత్సరముననే గ్రద్ద తోకకు ఎనిమిది ఈకలు చెక్కి, తరువాత ఏడే చాలునని తలచి, ఎనిమిదిపై ఏడును నొక్కిరి. ఆ అచ్చులతో కొట్టిన డాలర్లపై ఏడు ఈకల క్రింద పాత ఈకల కొనలు తొంగిచూచుచుండును. న్యూ ఆర్లియన్సులో కొట్టిన ఒక 1888 డాలరుపై స్వాతంత్ర్యదేవత పెదవులు, ముక్కు, గడ్డము జంటగా నుండును. 1901 డాలరులో ఒకదానిపై గ్రద్దయే ప్రక్కకు జరిగినట్లు రెండుగా తోచును. వాన్ ఆలెన్, మాలిస్ అను ఇద్దరు పరిశోధకులు ఇట్టి భేదములను వేలకొలది పట్టిక వ్రాసిరి. వారి పేర్ల తొలి అక్షరములతోడనే ఒక్కొక్క భేదమునకు నేడు సంఖ్య చెప్పుచున్నారు.

ఆ డాలర్లకును మన మూటలకును చుట్టరికము కలదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున భారతదేశమున వెండి రూపాయలకు విపరీతమైన కొరత ఏర్పడెను. 1917 నవంబరులో సర్కారు ఒక రూపాయి కాగితపు నోటును మొదటిసారి విడుదల చేయవలసివచ్చెను. జనులు నోటును నమ్మక వెండిని దాచుకొనసాగిరి. అప్పుడు 1918 ఏప్రిల్ 23వ తేదీని అమెరికాలో పిట్మన్ చట్టము అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము 27,02,32,722 వెండి డాలర్లు కరిగింపబడెను. వానిలో 25,91,21,554 డాలర్ల వెండి భారతదేశపు అవసరమునకై ఆంగ్లేయులకు అమ్మబడెను. ఒక డాలరులో మేలిమి వెండి 371 పాతిక గ్రెయినులు. ఒక రూపాయిలో 165. అనగా ఒక డాలరు కరిగినచో సరిగా రెండు రూపాయల నాలుగణాలు. ఆ లెక్కను మొత్తము వెండి సుమారు 58 కోట్ల రూపాయలకు సరిపోవును. 1918, 1919, 1920 తేదీలుగల జార్జి రూపాయలు మన యిండ్లలో విరివిగా దొరకుటకు ఇదియొక కారణము. షోలాపురపు నేతకాడు ఆనాడు కూలిగా పుచ్చుకొనిన రూపాయిలో కొంత అమెరికా గనుల వెండి యుండియుండవచ్చును.

కరిగించునప్పుడు ఏ సంవత్సరపు డాలర్లు, ఏ టంకశాలవి, ఎన్ని కరిగినవో లెక్క వ్రాసియుంచలేదు. అందుచే ఏ రకము ఎన్ని మిగిలినవో ఆ దేశపు పరిశోధకులు నేటికిని అంచనాలతోడనే సరిపెట్టుకొనుచున్నారు. ధనవంతమైన ప్రభుత్వమొకటి లెక్క వ్రాయక చేసిన పని ఫలితమది. మన మూటల విషయమున మనమును అదే చేయుచున్నాము.

నాణెము చెప్పునది, చెప్పనిది

మూటను చరిత్రగా చదువుటకు ఒక సులువైన సూత్రము కలదు. అందులో అన్నిటికంటె క్రొత్త నాణెమేదో దానినిబట్టి మూట కట్టిన కాలమునకు తొలిహద్దు ఏర్పడును. విక్టోరియా రూపాయలే యుండి, 1901 తరువాతిది ఒక్కటియు లేనిచో, ఎడ్వర్డు నాణెములు విరివియగుటకు ముందే ఆ మూటకు ముడిపడెనని ఊహింపవచ్చును. హాలీలు ఎక్కువగా నుండి కల్దారులు కొలది యున్నచో, ఊరిలో కూడబెట్టిన సొమ్ము వలసతోపాటు వచ్చినదనుటకు బలము చేకూరును. కల్దారులలో బొంబాయి గుర్తులే యధికమైనచో షోలాపురపు సంపాదన యనుకొనవచ్చును. పడమటి టంకశాల నాణెము పడమటి బజారులోనే మొదట తిరుగుట సహజము. ఇవన్నియు ఊహలు, నోటిమాటతోను, ఇతర ఆధారములతోను సరిపోల్చినప్పుడే అవి నిలుచును. తరువాతి కాలమున పూజకై సరాఫువద్ద కొనిన రూపాయ మూటలో చేరియున్నచో లెక్క తారుమారగును. అందుకే ఏది ఎవరి చేతినుండి వచ్చినదో తెలిసినవారు బ్రతికియుండగనే వ్రాసికొనవలెను.

1940 నుండి రూపాయిలో వెండి సగమునకు తగ్గింపబడెను. అంచున భద్రతకై నొక గాడి చేర్చబడెను. యుద్ధకాలముననే పాత విక్టోరియా రూపాయలను సర్కారు వెనుకకు పిలిపించెను. 1947లో నికెల్ రూపాయి వచ్చెను. హైదరాబాదు సిక్కా 1959లో పూర్తిగా రద్దయ్యెను. కావున నేడు మన వద్దనున్న ప్రతి వెండి రూపాయియు తిరిగి యిచ్చివేయుడని పిలిచినప్పుడు ఇవ్వక, ఆకలినాడు అమ్మక, ఒక తల్లి దాచుకొనినది. ఆ దాచుటయే దాని మొదటి విలువ.

ధర విషయమున నిజమును దాచరాదు. పైని చెప్పిన భేదములలో అధికభాగము విశేష ధర పలుకవు. 1939 వంటి కొన్ని తేదీలు నిజముగ నరుదు. కాని వానికి నకిలీలును అంతగానే కలవు. పక్క సంవత్సరపు అంకెను దిద్ది అమ్మువారు కలరు. అట్టివానిని మొదట తూచవలెను. 11.66 గ్రాములకు మిక్కిలి తగ్గినను హెచ్చినను అనుమానింపవలెను. అరిగిన నాణెము కొంచెము తగ్గుట సహజము. పోతపోసిన నకిలీపై అక్షరములు మొద్దుబారి, చిన్న చిన్న గుంటలు కనబడును. అంచు చుట్టును గాట్లు సమముగా నున్నవో లేవో చూడవలెను.

చేయదగిన పని

పండుగకు ముందు చింతపండుతోను బూడిదతోను రూపాయలను తోముట మన యిండ్ల అలవాటు. మెరుపు వచ్చును గాని, సూదిమొనవంటి చుక్కలును, మెడక్రింది అక్షరములును ఏటేట అరిగిపోవును. మంచినీటితో కడిగి, మెత్తని నూలుగుడ్డతో అద్దినచో పూజకు లోపము రాదు. హారములో కూర్చుటకై ఉంగరము అతికిన రూపాయలను విప్పబోవలదు. ఆ అతుకును చరిత్రయే.

ఒక నోటుపుస్తకము తీసికొని ప్రతి రూపాయికి ఒక పంక్తి వ్రాయుడు: తేదీ, బొమ్మ, టంకశాల గుర్తు, అక్షరము లేక చుక్కల లెక్క, తూనిక, చివర, అది ఎవరి ద్వారా ఇంటికి వచ్చినదో, వారి పూర్వపు ఊరేదో. చదువుకొను పిల్లలు దూరవాణిలోని చిత్రయంత్రముతో రెండువైపులును చిత్రములు తీయగలరు. నారియల్ పున్నమనాడు మార్కండేయస్వామి రథము వెంట వాడలన్నియు కూడునప్పుడు ఇరుగుపొరుగు వారు తమ పుస్తకములను సరిపోల్చుకొనినచో, ఏ ఊరివారి మూటలో ఏ రూపాయ లున్నవో మెల్లగా నొక చిత్రము తేలును. ఒక పోగుతో బట్ట కాదు. నూరు మూటల లెక్క ఒకచోట చేరినప్పుడు వలసచరిత్ర అల్లుకొనును.

అమ్మవలసిన అవసరము ఎవరికైనను రావచ్చును, దానిని తప్పుపట్టము. పెండ్లికో, చదువుకో, వైద్యమునకో పనికివచ్చుటకే పెద్దలు ఆ వెండిని దాచిరి. అయినను త్రాసుపై పెట్టుటకు ముందు ఆ యొక్క పంక్తి వ్రాయుడని మాత్రము కోరుచున్నాము. వెండి సరాఫుకు పోయినను, వ్రాసిన పంక్తి మన వద్ద నిలుచును.